ఎడమవైపు, ఒక అడుగు వెనక

కంగ్‌జిన్,
ఫిబ్రవరి 3

ప్రధానమంత్రి పదవికి పేరు వినిపిస్తున్న నమ్‌గుంగ్ జిన్ గారికి,

నీ పుస్తకం అందింది. "గారు" పై వరుసతో సరి. నీకంటే మూడేళ్ళు పెద్దవాణ్ణి, ఒకే బల్ల వెనక రెండేళ్ళు నీ పక్కన కూర్చున్నవాణ్ణి. ఇకమీద ఏకవచనమే.

ఆవిష్కరణ సభకు ఆహ్వానం కూడా జతచేశావు. ఇక్కడినుంచి సియోల్‌కు బస్సులో అయిదు గంటలు. అయిదు గంటలు కూర్చోవడానికి నా నడుము ఒప్పుకున్నా, రెండు గంటలు మీ పార్టీవాళ్ళ చప్పట్లు వినడానికి చెవులు ఒప్పుకోవు. కంగ్‌జిన్ పూర్వం రాజులు తమకు గిట్టని పండితులను పంపించేసిన ఊరు. వాళ్ళను భటులు తీసుకొచ్చారు. నేను సొంత ఖర్చుతో వచ్చాను. అంతే తేడా.

పుస్తకం రెండుసార్లు చదివాను. మొదటిసారి నీ కోసం, రెండోసారి నీ తప్పుల కోసం. నూట నలభై ఆరో పేజీలో ఒక చైనా గురువు మాటను ఇంకో గురువు నోట్లో పెట్టావు. అది నీ పుస్తకంలో చిన్న తప్పు. మిగతాదంతా మీవాళ్ళు మెచ్చే కథ: పేద బడిపంతులు కొడుకు, ఇరవై నాలుగేళ్ళు జడ్జి, రాజీనామా ఇచ్చిన నలభయ్యో రోజున పార్టీ టికెట్టు, వరసగా మూడు గెలుపులు. "చట్టం ఎంత రాసి ఉందో అంతే చట్టం" అన్న నీ మాటను అట్ట మీదే అచ్చేశారు. పాత కేసుల్లో అన్యాయంగా శిక్షపడ్డవాళ్ళకు పరిహారం ఇవ్వాలన్న బిల్లు రెండుసార్లు సభకొస్తే రెండుసార్లూ వద్దని చెయ్యెత్తావు. అది కూడా గొప్పగానే రాసుకున్నావు.

ఎనభై ఎనిమిదో పేజీలో తూర్పు తీరపు కోర్టుకు వచ్చావు, మంచు పడింది. ఎనభై తొమ్మిదో పేజీలో సియోల్‌కు బదిలీ అయ్యావు, చెర్రీలు పూశాయి. మధ్యలో రెండేళ్ళు ఏమయ్యాయి? యొమ్ ఇన్‌బొక్ ఏడి?

నువ్వు మరిచిపోయావేమో, నేను గుర్తుచేస్తాను. మ్యొంగ్‌తే చేపలు పట్టేవాడు. పొగమంచులో దారి తప్పి ఉత్తరాన సరిహద్దు అవతలి శత్రువులకు చిక్కాడు, ఏడాది తర్వాత వదిలేశారు. ఏడేళ్ళు వలలు వేసుకుని బతికాక, జూన్ పదకొండున నడిసముద్రంలో అవతలివాళ్ళ పడవను కలిసి కాగితాలు అందించిన గూఢచారి అని పట్టుకొచ్చారు. నలభై రోజులు ఎక్కడో ఉంచి ఒప్పుకోలు తెచ్చారు. మన ముగ్గురి సంతకాలతో పదేళ్ళు పడింది. తొమ్మిదేళ్ళకు వదిలారు, ఇంకో నాలుగేళ్ళకు పోయాడు.

నిన్న ఒక విలేకరి ఫోన్ చేసింది. "ఆ తీర్పు రాసిందెవరండీ?" అంది. "ఎడమ కుర్చీ" అన్నాను. ముగ్గురు జడ్జిల కోర్టులో ఎడమ కుర్చీ చిన్నవాడిదనీ, తీర్పు రాసే పని అతనిదేననీ కోర్టు బంట్రోతుకైనా తెలుసు. ఇందులో నేను బయటపెట్టిన రహస్యమేమీ లేదు. మధ్యాహ్నం ఎక్కడ తినాలో చూసే పనీ ఎడమ కుర్చీదేనని కూడా చెప్పాను. పెద్ద జడ్జి గు గారు ముందు, ఆయనకు ఒక అడుగు వెనక కుడివైపు నేను, ఎడమవైపు నువ్వు. రేవు వీధిలో ఆడవాళ్ళు "బాతులొచ్చాయి, అన్నం వేళయింది" అనేవారు, గుర్తుందా? ఆ మాటకు ఆ అమ్మాయి ఫోన్లో పడీపడీ నవ్వింది.

పత్రికలో వచ్చినప్పుడు చదువుకో.

తక్ మున్‌సిక్

*

సియోల్,
ఫిబ్రవరి 12

తక్ అన్నగారికి,

నమస్కారాలు. చైనా గురువు విషయంలో మీ మాటే నిజం. రెండో ముద్రణలో దిద్దుతాను.

పత్రిక చదివాను. ఆ తీర్పు నేనే రాశానన్నది నిజం. ఎవరు అడిగినా అదే చెబుతాను. దాని వెనక ఎవరు ఏమన్నారో మాత్రం చెప్పను. జడ్జిల మధ్య సంప్రదింపు రహస్యమని చట్టం అంటోంది. నాకు నచ్చినప్పుడు తెరిచి, నచ్చనప్పుడు మూసుకునే తలుపు కాదది. నాది కాని విషయాన్ని నా పుస్తకంలో వేసుకునే హక్కు నాకు లేదు. ఆ రెండేళ్ళు అందులో లేకపోవడానికి కారణం అదే.

కంటి ఆపరేషన్ అయిందని విన్నాను. చదువు తగ్గించమంటే మీరు వినరు. ఎర్ర పెన్సిల్ ఇంకా వాడుతున్నారా?

ఎండబెట్టిన రేగుపండ్లు పంపుతున్నాను. మా వదినగారు ఉన్నప్పుడు మీ ఇంట్లో తిన్న రుచి వీటికి లేదు.

నమ్‌గుంగ్ జిన్

*

కంగ్‌జిన్,
ఫిబ్రవరి 26

నమ్‌గుంగ్,

పండ్లు పక్కింటికి ఇచ్చేశాను.

నీ పేరు అధికారికంగా ప్రకటించారు. ఆ పదవికి తగుదువో లేదో వచ్చే నెలలో సభ ముందు విచారణ. టీవీలో నీ మొహం పక్కన యొమ్ ఇన్‌బొక్ ఫోటో వేస్తున్నారు. బాగానే ఉంది. ముప్పై ఆరేళ్ళకు మళ్ళీ ఒక చోట కలిశారు.

మొన్న మంగళవారం అతని కూతురు మా ఇంటికి వచ్చింది. యొమ్ సున్‌రే. యాభై ఏళ్ళ మనిషి. తూర్పు తీరంలో ఎండుచేపల కొట్టు. గుమ్మం దగ్గరే నిలబడి అంది:

"జడ్జిగారూ, నా బట్టలు చేపల వాసనేస్తాయి. మీకు పడకపోతే చెప్పండి, ఇక్కడే మాట్లాడి పోతాను."

"లోపలికి రా అమ్మా."

"అప్పుడు మా అమ్మను కోర్టు మెట్ల మీదే ఆపేశారు. అందుకని అడుగుతున్నాను."

కూర్చుంది. టీ తాగలేదు. కేసు తిరిగి తెరవమని ఆవిడ పెట్టుకున్న అర్జీ మీద కోర్టు అడుగుతోందట: కొత్త సాక్ష్యం ఏదీ అని. జూన్ పదకొండున వాళ్ళ నాన్న పడవ సముద్రంలో లేనేలేదు. అడుగు చెక్కలు ఊడదీసి, బాగుచేసే షెడ్డులో ఒడ్డు మీద ఉంది. షెడ్డు యజమాని అప్పట్లో ఆ సంగతి కాగితం మీద రాసిచ్చాడు, వకీలు దాన్ని కోర్టులో పెట్టాడు. ఇప్పుడు ఫైలులో ఆ కాగితం లేదు. యజమాని పోయాడు, షెడ్డు కాలిపోయింది. పెద్ద జడ్జి గు గారూ పోయారు. మిగిలింది మనిద్దరం.

"ఆ కాగితం మీరు చూశారా? అంత మాట చెప్పండి చాలు" అంది.

చాలా కాలమైందమ్మా, గుర్తులేదు అన్నాను.

"మీ గోడల నిండా పుస్తకాలే. ఇవన్నీ గుర్తుంటాయి కాబోలు" అని లేచింది. వెళ్తూ ఒక ఎండుచేపల కట్ట గుమ్మంలో పెట్టింది. వద్దన్నాను. "వట్టి చేతుల్తో రాకూడదని తెచ్చాను లెండి, మీరు చేసిన మేలుకేం కాదు" అంది.

ఆ దెబ్బ నీకు తగలాల్సింది. తీర్పు రాసిన చేతికి ఆ కాగితం గుర్తుండాలి. ఆవిడ నీకు మూడు ఉత్తరాలు రాసిందట. నీ ఆఫీసు నుంచి "అందినవి" అన్న ముక్క తప్ప ఏమీ రాలేదట. రహస్యం అంటావు. సరే, చట్టం మాటే మాట్లాడుకుందాం. నేనూ ఆ చదువే చదివాను, నీకంటే ముందే.

ఆ కేసులో సంప్రదింపు ఎక్కడ జరిగింది? గదిలో తలుపులేసుకుని కూర్చున్నామా? లేదు. రేవు పక్కన గోంచి చేప పులుసు కొట్టులో, వడ్డించే ఆవిడ గిన్నెలు పెడుతుండగా, పది నిమిషాల్లో తేలిపోయింది. అది సంప్రదింపు అంటావా, అయితే ఆ వడ్డించే ఆవిడ నాలుగో జడ్జి. కాదంటావా, అయితే దాచడానికి రహస్యమే లేదు, ఒక మనిషికి పదేళ్ళు సంప్రదింపు లేకుండానే వేశాం. రెండు తలుపుల్లో ఒకటి తెరువు. రెండూ మూసుకుని నిలబడలేవు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే అలవాటు నీకు లేదు, ఒప్పుకుంటాను. భుజమే లేనట్టు కూర్చుంటావు.

తక్ మున్‌సిక్

*

సియోల్,
మార్చి 9

అన్నగారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పులుసు ఉంది, వడ్డించే ఆవిడ ఉంది, గు గారు ఉన్నారు, నేను ఉన్నాను. మీరు లేరు.

రహస్యం అంటే అక్కడ లేనివాళ్ళకు చెప్పకపోవడం. మీరు ఉన్నారు కనుక మీకు చెప్పడం రహస్యం విప్పడం కాదు. అందుకని ఒక్కసారి రాస్తున్నాను. ఈ కాగితం మీ ఇల్లు దాటదని నమ్ముతాను.

జనవరి నెల. కిటికీకి మంచు పేరుకుని బయటకు కనిపించేది కాదు. గు గారు కోటు విప్పకుండానే కూర్చుని, "ఆ చేపలవాడి సంగతి తేల్చేద్దామా?" అన్నారు. నేను మీ వంక చూశాను. "మొహాలు చూడకు నమ్‌గుంగ్, చిన్నవాడివి ముందు చెప్పు. పెద్దవాళ్ళు నోరు తెరిస్తే చిన్నవాళ్ళకు సొంత అభిప్రాయం ఉండదు. అందుకే ఆ పద్ధతి పెట్టారు" అన్నారు.

"నిర్దోషి అండీ. పడవ ఒడ్డు మీద ఉంటే మనిషి సముద్రంలో ఎలా ఉంటాడు?" అన్నాను.

ఆయన చెంచా తీసి తుడుచుకున్నారు. "నువ్వేమంటావు తక్?"

మీరు పులుసు మూడుసార్లు కలిపారు. "ఒప్పుకోలు ఉంది కదండీ. ఒడ్డు మీద కాగితాలు ఎవరైనా రాసిస్తారు. దోషి."

"నేనూ అంతే. ఇద్దరం ఒక వైపు. రాసెయ్ నమ్‌గుంగ్" అన్నారు గు గారు. వడ్డించే ఆవిడ కిమ్చీ ఇంకా కావాలా అని అడిగింది. కావాలన్నది మీరే.

ఓడిపోయిన ఎడమ జడ్జి తాను ఒప్పుకోని తీర్పును తానే రాయాలి. అది మన పద్ధతి. నేను రాశాను. కానీ ఓడినవాళ్ళు చేసే పనొకటి మీకూ తెలుసు. గోడ కడుతూ పైకోర్టు కోసం ఒక కంత వదులుతారు. సాక్ష్యాల పట్టీ చివర నేను ఒక వాక్యం రాశాను: ఆ పడవ మే 28 నుంచి జూన్ 20 వరకు షెడ్డులో ఉన్నట్టు యజమాని ఇచ్చిన కాగితం దాఖలై ఉన్నది. దాని మీద వ్యాఖ్య రాయలేదు. కళ్ళున్న పైకోర్టు జడ్జి ఎవరైనా అక్కడ ఆగేవాడు.

చిత్తు చూడాల్సింది కుడి జడ్జి. మీరు నా బల్ల దగ్గరికి వచ్చారు. "ఇటుక ఒకటి వదిలేశావు, గాలొస్తోంది" అని ఆ వాక్యం మీద ఎర్ర పెన్సిల్‌తో గీత లాగారు. అంచున "తీసెయ్" అని రాశారు.

అప్పుడు నేను కాదనవచ్చు. సంతకం పెట్టనని గు గారి గదికి వెళ్ళవచ్చు. వెళ్ళలేదు. కూర్చుని మళ్ళీ రాశాను. తప్పు ఎక్కడో ఇప్పటికీ వెతుక్కుంటూ ఉంటాను, అన్నగారూ. భయపడ్డానని చెప్పుకుంటే సులువుగా ఉండేది. భయం కాదు. మీరు కంత కనిపెట్టినందుకు నాకు పౌరుషం వచ్చింది. ఈసారి సూది దూరనంత బాగా రాసి చూపిస్తాననుకున్నాను. చూపించాను. పైకోర్టు ఒక్క అక్షరం కదపలేదు. "ఇంత చక్కని తీర్పు ఈ ఏడు చూడలేదు" అని అక్కడి పెద్ద జడ్జి గు గారికి ఫోన్ చేశారు. ఆ మరుసటి ఏడు ఫిబ్రవరి బదిలీల్లో నన్ను సియోల్‌కు తీసుకున్నది ఆ తీర్పు చూసే. నా తర్వాతి మెట్లన్నీ దాని మీద కట్టినవే. ఎనభై ఎనిమిదికీ ఎనభై తొమ్మిదికీ మధ్య ఉన్నది అది.

ఆ మొదటి చిత్తు నా దగ్గర ఉంది. అప్పట్లో ఫైళ్ళు ఇంటికి మోసుకెళ్ళిన నీలం మూటగుడ్డలో అలాగే ఉంది. షెడ్డు కాగితంలోని తేదీలు ఈ లోకంలో ఇంకెక్కడా లేవు. కానీ దాని మీద మీ గీత ఉంది. మీ చేతిరాతను నేను వీధిలో పెట్టలేను. నా కుర్చీ కాపాడుకోవడానికి అసలే పెట్టలేను. సున్‌రే గారికి మూడు జవాబులు రాసి మూడూ చింపేశాను.

విచారణ 26న. దేని గురించి అడిగినా నా జవాబు మారదు.

నమ్‌గుంగ్ జిన్

*

కంగ్‌జిన్,
మార్చి 14

నమ్‌గుంగ్,

నీ జ్ఞాపకం తప్పు. కిమ్చీ కావాలన్నది గు గారు.

తక్

*

కంగ్‌జిన్,
మార్చి 29

నమ్‌గుంగ్,

నీ విచారణ మంగలి కొట్టులో చూశాను. మా ఇంట్లో టీవీ లేదు, నీకు తెలుసు. నా మెడకు గుడ్డ కట్టి, కత్తెర పట్టుకుని, మంగలి కూడా తెర వంకే చూస్తున్నాడు. ఎర్ర కోటు వేసుకున్న సభ్యురాలు అడిగింది: "రాసేటప్పుడు ఆ మనిషి గూఢచారి అని మీరు నమ్మారా? అవునా, కాదా?"

నువ్వు నీళ్ళు తాగలేదు, కాగితాలు సర్దుకోలేదు. "సంతకం నాది. సంతకం పెట్టినవాడు తర్వాత నేను నమ్మలేదు అనకూడదు" అన్నావు.

"ఆ కుటుంబానికి మీరు చెప్పేది ఇంతేనా?"

"తీర్పు తప్పు. రాసింది నేను. ఇంతకంటే చెప్పే హక్కు నాకు లేదు."

హాలంతా గోల. మంగలి నాలుక చప్పరించాడు. "మొండిఘటం అండీ ఈయన. ఒక్క అబద్ధం ఆడితే గట్టెక్కిపోయేవాడు గదా!"

ఒక్క నిజం చెప్పినా గట్టెక్కేవాడివి. ఆ కొట్టులో ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, మెడకు గుడ్డ కట్టించుకుని కూర్చున్నాను. సగం జుట్టుతోనే లేచి వచ్చేద్దామనిపించింది. రాలేదు. పూర్తిగా కత్తిరించేదాకా కూర్చున్నాను. కూర్చోవడం నాకు బాగా అలవాటు.

ఇప్పుడు విను. కిమ్చీ కావాలన్నది నేనే. పులుసు మూడుసార్లు కలిపింది కూడా నిజమే. నువ్వు రాయనిదొకటి నేను రాస్తాను.

ఆ జనవరిలో నాకు ముప్పై రెండేళ్ళు. ఆరేళ్ళుగా తీరాల వెంట తిరుగుతున్నాను. మీ వదినకు ఆ చలి పడక ఛాతీలో నొప్పి. సియోల్ బదిలీ జాబితాకు గు గారి సిఫారసు కావాలి. ఆయన మనసులో ఏముందో కోటు విప్పకుండా కూర్చున్నప్పుడే నాకు అర్థమైంది. నువ్వు నిర్దోషి అన్నావు. నేనూ అదే అంటే ఇద్దరమయ్యేవాళ్ళం, ఆయన ఓడిపోయేవారు. ఆ ఒక్క మాట నా నోట్లో ఉంది. చెంచా మూడుసార్లు తిప్పేసరికి దాన్ని మింగేశాను.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో జాబితా వచ్చింది. సియోల్ నీకు. నాకు ఇంకో తీరం.

ముప్పై ఆరేళ్ళుగా నీ మీద కోపం దేనికని ఎవరడిగినా, నువ్వు మీ పార్టీలో చేరినందుకు, నువ్వెత్తిన చేతికి, నీ పుస్తకానికి అని చెప్పాను. నాకు నేనూ అదే చెప్పుకున్నాను. ఇంత చదివాను, ఈ మాట రాయడానికి ఏ పుస్తకమూ సాయం రాలేదు: యొమ్ ఇన్‌బొక్‌ను అమ్మింది నేను, ధర దక్కింది నీకు. నా కోపం అది. న్యాయం మీద ప్రేమ కాదు. దోపిడీలో నా వాటా పక్కవాడు పట్టుకుపోయాడన్న దొంగ కోపం. భుజాలు తడుముకున్నది నేనే.

రాజుల కాలంలో చరిత్ర గ్రంథం పూర్తయ్యాక చిత్తు కాగితాలను ఏట్లో వేసి సిరా పోయేదాకా కడిగేవారట, ఎవరు ఎవరి గురించి ఏం రాశారో తెలియకుండా. నువ్వు కడగలేదు. ఎందుకని అడగను. దాచిపెట్టినవాడు ఎప్పుడో ఒకప్పుడు తీస్తాడనే దాస్తాడు.

ఆ మూట పంపు. ఎర్ర పెన్సిల్ నాది, గీత నాది. ఆ గీత మీద హక్కు నాదే కనుక అనుమతి కూడా నాదే. సున్‌రే గారికి నిన్న ఫోన్ చేశాను. "ఏమండీ, గుర్తొచ్చిందా?" అంది. మే నెలలో కోర్టుకు వస్తానన్నాను. "చెప్పి రానివాళ్ళను చాలామందిని చూశాను" అని పెట్టేసింది.

నేను వెళ్తాను. నడుము ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా.

తక్ మున్‌సిక్

*

సియోల్,
ఏప్రిల్ 5

అన్నగారికి,

మూట ఈ ఉత్తరం తెచ్చినతని చేతికే ఇచ్చాను. ముడి నేను విప్పలేదు. మీరే విప్పండి.

నా పేరు వెనక్కి తీసుకున్నాను. ఈ సాయంత్రం ప్రకటిస్తారు. పార్టీవాళ్ళు నిన్న వచ్చి కూర్చున్నారు. "మీరు ఒప్పుకోలేదట గదా, ఒక మాట అనెయ్యండి, చాలు" అన్నారు. ఎవరు చెప్పారని అడిగాను. ఎవరూ చెప్పలేదు, అలా అంటే పనికొస్తుందని వాళ్ళే అనుకున్నారు. నిజాన్ని అబద్ధంలా వాడుకోమని అడిగినట్టయింది. అక్కడే లేచాను.

మీరు సంతోషించవద్దు. నేను మారలేదు. ప్రతి పాత తీర్పునూ తిరగదోడితే కోర్టుల మాటకు విలువ పోతుందని ఇప్పటికీ అనుకుంటాను. ఆ బిల్లుకు మళ్ళీ ఓటు వేయాల్సి వస్తే ఏం చేస్తానో నాకే తెలియదు. కానీ తెరవాల్సిన తీర్పు ఇది ఒకటి ఉందని నాకు మొదటి రోజు నుంచీ తెలుసు.

రెండు షరతులు. ఒకటి, పులుసు కొట్టులో నేనేమన్నానో కోర్టులో చెప్పవద్దు. నా చేతులు కడగడానికి ఆ కాగితం పనికిరాకూడదు. రెండు, షెడ్డు తేదీలు ముందు చెప్పండి. అవి బహిరంగ కోర్టులో దాఖలైన కాగితంలోనివి, సంప్రదింపు కాదు. వాటిని బయటపెట్టకుండా ఏ చట్టమూ ఆపలేదు. ఆపింది నేనే. అది పద్ధతి అనుకున్నాను. సగం పద్ధతి, సగం సిగ్గు.

బస్సులో నడుము కింద దిండు పెట్టుకోండి.

నమ్‌గుంగ్ జిన్

*

తూర్పు తీరం, రేవు పక్క సత్రం,
మే 16

నమ్‌గుంగ్,

దిండు పెట్టుకున్నాను. అయినా నొప్పే.

కోర్టు కట్టడం కొత్తది, వాసన పాతదే. బల్ల వెనక ముగ్గురు. ఎడమ కుర్చీలో ఒక ఆడపిల్ల, నీకప్పుడు ఉన్నంత వయసు. నేను మాట్లాడినంతసేపూ రాస్తూనే ఉంది. ఆ పిల్ల చెయ్యి చూస్తూ చెప్పాను, తడబడకుండా ఉండడానికి.

నీ మాట ప్రకారం తేదీలు ముందు చెప్పాను. మే 28, జూన్ 20. మూట విప్పి కాగితం పైకెత్తి చూపించాను. సిరా వెలిసింది, ఎర్ర గీత మాత్రం నిన్న గీసినట్టుంది.

"ఈ గీత ఎవరిది?" అన్నాడు పెద్ద జడ్జి.

"నాది."

"ఎందుకు గీశారు?"

"అది ఉంటే ఆ మనిషి బయటపడతాడు. అందుకని."

ప్రాసిక్యూటరు కుర్రవాడు లేచాడు. "సాక్షికి ముప్పై ఆరేళ్ళ తర్వాత ఉన్నట్టుండి గుర్తొచ్చిందా?"

"గుర్తు ఎప్పుడూ ఉంది బాబూ. చెప్పడానికే అంతకాలం పట్టింది" అన్నాను.

భోజనం సంగతి, నేను మింగిన మాట సంగతి చెప్పబోతే పెద్ద జడ్జి ఆపాడు. "సంప్రదింపు విషయాలు వద్దు, సాక్షిగారూ." నీకు మహా సంతోషంగా ఉంటుంది. నా మాట నేను చెప్పుకుంటానంటే కూడా చట్టం అడ్డొచ్చింది. నీ మాట మాత్రం ఎత్తలేదు.

బయట వరండాలో సున్‌రే గారు నా ఎదురుగా వచ్చి నిలబడింది. "ఫిబ్రవరిలో మీ ఇంటికొచ్చినప్పుడు ఈ గీత మీకు గుర్తుందా?"

"ఉంది."

"నేను గుమ్మంలో నిలబడి ఉన్నప్పుడు కూడా?"

"అప్పుడు కూడా."

కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. సముద్రం వైపు తిరిగింది. "మా నాన్న జైలు నుంచి వచ్చాక పడవెక్కలేదు. ఒడ్డు మీద కూర్చుని లెక్కపెట్టేవాడు: మే ఇరవై ఎనిమిది, జూన్ ఇరవై. పిచ్చి పట్టిందనుకునేవాళ్ళం. ఇవాళ మీ నోట విన్నాను" అంది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "క్షమించానని అనుకోకండి. ఆకలేస్తోంది. మీరూ పొద్దుటినుంచి తినలేదు గదా, పదండి" అంది.

ఆవిడ ముందు నడిచింది. రేవు వీధి మలుపు తిరిగేదాకా నేను గమనించలేదు. ఆవిడకు ఒక అడుగు వెనక, కుడివైపు నడుస్తున్నాను. ఆవిడ ఆగితే ఆగాను, కదిలితే కదిలాను. ముప్పై ఏళ్ళ కొలువు కాళ్ళలో ఉండిపోయింది. ముందు సిగ్గేసింది. తర్వాత అదే సరైన చోటనిపించి అలాగే నడిచాను.

పులుసు కొట్టు ఉంది. అప్పుడు వడ్డించినావిడ కోడలు నడుపుతోంది. కూర్చున్నాక సున్‌రే గారు, "ముందు మీరు చెప్పండి, ఏం తింటారు?" అంది. "పెద్దవాణ్ణి గదమ్మా, నువ్వు ముందు చెప్పు" అన్నాను. ఆవిడ చెప్పింది. పులుసు వచ్చాక చెంచా తిప్పకుండా తిన్నాను. "ఇంకొకాయన రాలేదేం?" అని అడిగింది. నీ తరపున నేను జవాబు చెప్పలేదు. మన ముగ్గురు జడ్జిల సంతకాలను ఆవిడ ముప్పై ఆరేళ్ళుగా ఒకే పేరులా చదువుకుంది. ఆవిడకు మనుషులు కావాలి.

కోర్టు వాయిదా వేసింది. ఎర్ర పెన్సిల్ ఎవరిదో తేలింది. ఆ నల్ల సిరా ఎవరిదో, షెడ్డు కాగితాన్ని కళ్ళారా చూసి ఆ తేదీలు రాశాడో లేదో, ఆ చేతివాడే వచ్చి చెప్పాలంది. రేపో మాపో నీకు నోటీసు వస్తుంది. సభ సమావేశాలున్నాయనీ, పార్టీ ఒప్పుకోదనీ రాయకు. నీ షరతులు నేను నిలబెట్టాను. నాది ఒకటే షరతు.

జూన్ 18, ఉదయం పది గంటలకు. మధ్యాహ్నం అదే వీధిలో మళ్ళీ నడుస్తాం. ముందు ఆవిడ నడుస్తుంది. కుడివైపు నేను ఉంటాను. ఎడమవైపు ఖాళీగా ఉంది.

ఆ రోజు ఎక్కడ తినాలో చూడు. ఆ పని ఎప్పుడూ నీదే.

తక్ మున్‌సిక్